గంట మోగితే లోపలికి

అకువా డుఫీ నోటికి కుమాసి పట్నంలో బట్టల బజారంతా జడిసేది. గంటసేపు బేరమాడి కొనకుండా పోయేవాళ్లను ఆమె సాగనంపే తీరు ఒక్కసారి విన్నవాళ్లు మళ్లీ ఆ వరసలో అడుగుపెట్టేవారు కాదు. అంతటి మనిషి, ఎక్కడైనా మంట అన్న మాట వినపడితే చాలు, నోరు మెదిపేది కాదు.

ఆమె చెల్లెలు ఫ్రేమాది పక్క కొట్టే. మునుపొకసారి బజారు అంటుకున్న రోజున అక్కాచెల్లెళ్లిద్దరూ క్షేమంగా బయటపడ్డారు. అంతలో ఫ్రేమా "అయ్యో అక్కా, అమ్మ బట్ట!" అని వెనక్కి తిరిగి పరుగెత్తింది. ఆ బజారులో ప్రతి కొట్టు పై అరలోనూ ఒక పాత బట్ట ఉంటుంది. తల్లి తన చేత్తో ఇచ్చి వ్యాపారం మొదలుపెట్టించిన బట్ట. దాన్ని అమ్మరు, కట్టరు. అది పోతే కొట్టు అచ్చిరాదని నమ్మకం. డుఫీ పట్టుకోబోయింది గానీ చెల్లెలు చేతికి అందలేదు. మళ్లీ రాలేదు. అప్పటినుంచి డుఫీకి ఒకటే పట్టుదల: ఈ వరసలో ఇంకో ఆడకూతురు అలా పోకూడదు.

అందుకే ప్రభుత్వం వాళ్ల ప్రయోగశాల నుంచి మనుషులు వస్తే ముందుగా స్టూలు వేసింది ఆమే. ప్రయోగశాలంటే గాజు సీసాలేమీ ఉండవు. జనం ఇబ్బందికి ఒక ఉపాయం ఆలోచించి, ఒక చోట చేసి చూసి, పనికొస్తేనే ఊరంతటా పెడతారు. వాళ్లకు పెద్ద సెలాసి, వోల్టా నది వైపు నుంచి వచ్చిన ఎవే జాతి పిల్ల.

నిప్పంటుకుంటే అందరూ బయటికి రావాలని మొదట వాళ్లొక గంట పెట్టారు. అబ్బ, ఏం గంట! మోగించి చూసిన రోజున చెవులు చిల్లులు పడ్డాయి. గేటు దగ్గర వేయించిన అరటిపండు తింటున్న ఆడవాళ్లు పొట్లాలు పారేసి పరుగందుకున్నారు. బయటికా? రామ రామ! బయటున్నవాళ్లంతా లోపలికి! వచ్చిన అధికారి పొట్ట పట్టుకుని నవ్వాడు. డుఫీ గోడకు చేరగిలబడి, లోపలికి పోతున్న ఆడవాళ్లనే చూసింది. సెలాసి కూడా నవ్వలేదు.

మర్నాటినుంచి ఆ పిల్ల డుఫీ కొట్లోనే కూర్చుంది.

"బట్ట మడతపెట్టడం రాదు, బేరం చెప్పడం రాదు. మీ ఊళ్లో నీకు నేర్పిందేమిటే?"

"చేపలు పట్టడం పిన్నీ. ఇక్కడ పనికొస్తుందా?"

"నా గిరాకీలను తోలెయ్యకుండా ఉంటే చాలు, తల్లీ!"

తిట్లు తింటూ, మడతలు చెడగొడుతూ సెలాసి అందరినీ ఒకటే అడిగింది, గంట మోగితే దేనికోసం లోపలికి వెళ్తారని. సరుకు కోసమని ముందు చెప్పారు. చనువు పెరిగాక ఒక్కొక్కరే పై అరకేసి చూపించారు.

దాంతో ప్రయోగశాల వాళ్లు గేటు బయట, రోడ్డు పక్కన, మంట అంటని చిన్న సిమెంటు గది కట్టారు. అమ్మ బట్టలన్నీ అందులో పెట్టండన్నారు. ఎవరు పెడతారు? "పరాయి ఇంట్లో అమ్మని పడుకోబెట్టమంటావా?" అని సెలాసి మీద విరుచుకుపడ్డారు. బట్టల రాణి మామే ఆచియా, బజారులో ఆమె మాటే చట్టం, ఆమె కూడా తల అడ్డంగా ఊపింది. అప్పుడు డుఫీ, ఆనాటి మంటకు ఎలాగో మిగిలిన తన బట్ట తెచ్చి, అందరి ముందూ ఆ గదిలో పెట్టింది.

"నా చెల్లెలు ఇలాంటి బట్టకోసమే పోయింది. మీకింకా ఎవరు పోవాలే?"

ఆ వారంలో పై అరలన్నీ ఖాళీ అయ్యాయి.

ఎండుగాలి వీచే రోజుల్లో ఒక మధ్యాహ్నం దర్జీ ఇస్త్రీపెట్టె దగ్గర నిప్పంటుకుంది. గంట మోగింది. ఆడవాళ్లు పిల్లల్ని వీపున కట్టుకుని, కేకలేసుకుంటూ, తిట్టుకుంటూ, బయటికే వచ్చారు. ఒక్కరూ వెనక్కి చూడలేదు. సెలాసికి ఏడుపొచ్చినంత పనైంది.

అప్పుడు చూసింది. డుఫీ లోపలికి పరుగెడుతోంది.

"పిన్నీ! నీ బట్ట గదిలో ఉంది కదా!" అంటూ వెంటపడి నడుం పట్టుకుంది. డుఫీ గింజుకుంది, రక్కింది.

"బట్ట ఎవడిక్కావాలే! వదులు! ఫ్రేమా లోపలుంది, నా చెల్లెలు లోపలుంది!"

సెలాసి ఇంకా గట్టిగా పట్టుకుంది. అప్పటికి మామే ఆచియా కూడా వచ్చి, ఆమె ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది.

"డుఫీ, ఇటు చూడు. నేనే అందర్నీ పేరుపేరునా పిలిచాను, అందరూ పలికారు. లోపల ఎవ్వరూ లేరు."

"ఎవ్వరూ లేరా?"

"లేరమ్మా."

పైకప్పు రేకులు కూలిన చప్పుడైంది. వాటి కింద డుఫీ కొట్టుంది. ఆమె అటు చూడలేదు. గేటు దగ్గర మసిముఖాలతో నిలబడ్డ ఆడవాళ్లను ఒక్కొక్కరినే చూసుకుంటూ రోడ్డు మీదే కూలబడి, చెల్లెలు పోయిననాడు కూడా ఏడవని మనిషి, వెక్కి వెక్కి ఏడ్చింది.