పప్పు ఉడికే నీళ్ళు

ఆండర్సన్‌పేటలో ఉత్త గిరిజమ్మ అంటే ఎవరికీ తెలియదు. బోరు గిరిజమ్మ అంటే పసిపిల్లలు కూడా చెయ్యి పట్టుకుని ఇంటిదాకా దిగబెడతారు. వాళ్ళది చిల్లర అంగడి. బంగారు గనులు మూతపడ్డాక, ఆ వీధి కొళాయిల్లో పదిరోజులకొకసారి నీళ్ళొచ్చే కాలంలో ఆమె భర్త శ్రీకంఠయ్య పెరట్లో బోరు వేయించాడు. నీళ్ళు పడిన ఏడాదే పోయాడు పాపం. ఆయన పేరున ఇంతకన్న పుణ్యమేముందని గిరిజమ్మ గోడలోంచి వీధివైపుకు ఒక గొట్టం పెట్టించింది. పొద్దున్నే ఎవరైనా వచ్చి పట్టుకోవచ్చు. నీళ్ళమ్మితే ఏడు తరాలు దాహంతో చస్తాయని వాళ్ళత్తగారి మాట.

ఆ నీళ్ళు మంచివని ఎలా తెలుసు? కందిపప్పు అమ్మే ఇల్లు గదా! కొత్త మూట విప్పితే గుప్పెడు ఉడకేసి చూడటం వాళ్ళ ఆనవాయితీ. ఉప్పునీళ్ళలో ఎంతసేపున్నా ఉడకని పప్పు, ఈ నీళ్ళలో రెండు పొంగులకే వెన్నలా మెదిగిపోయేది. ఇంకే పరీక్ష కావాలి?

ఒకసారి ఆరోగ్యశాఖలో పనిచేసే కృష్ణప్ప ఖాళీ సీసాతో వచ్చాడు. "అమ్మా, కొంచెం నీళ్ళియ్యి, పరీక్షకు పంపిస్తాను. ఈ పక్క బోర్లలో ఫ్లోరైడు ఎక్కువుండాదంట."

గిరిజమ్మ పకపకా నవ్వింది. "పప్పుడికే నీళ్ళకు పరీక్ష ఏందప్పా? కూచో, అన్నం పెడతాను, నువ్వే చూడు." అన్నట్టుగానే కడుపునిండా పెట్టి పంపింది. సీసా మాత్రం ఖాళీగానే పోయింది.

తొమ్మిదేళ్ళు గడిచాయి. వీధిలో పిల్లల పళ్ళు పచ్చగా, మచ్చలు మచ్చలుగా వచ్చాయి. సరిగా తోముకోవడం లేదని తల్లులు వాళ్ళ వీపులు వాయగొట్టారు. ఆకుకూరలమ్మే రామక్క నడుము వంగిపోతే వయసన్నారు. రామక్క మనవరాలు నాగరత్న తల్లి లేని పిల్ల, ఆ నీళ్ళతోనే పెరిగింది. నడిస్తే దాని మోకాళ్ళు ఒకదానికొకటి రాసుకునేవి. ఆ జబ్బుకు మాత్రం ఏం పేరు పెట్టాలో ఎవరికీ తోచలేదు.

అప్పుడు వీధి చివర నీళ్ళు శుద్ధిచేసే మెషిను పెట్టారు. అయిదు రూపాయల బిళ్ళ వేస్తే క్యాను నిండుతుంది. గిరిజమ్మ నీళ్ళుండగా మాకేం ఖర్మ అని ఒక్కరూ పోలేదు. కృష్ణప్ప ఈసారి ఎవరినీ అడక్కుండా వీధి గొట్టం దగ్గరే సీసా నింపుకుపోయి, పదిరోజులకు కాగితం తెచ్చాడు.

"ఫ్లోరైడు ఉండాల్సిందానికి మూడింతలుండాదమ్మా. రంగులో తెలీదు, రుచిలో తెలీదు. పప్పూ బాగానే ఉడుకుతాది. పోయి ఎముకల్లో కూచుంటాది."

గిరిజమ్మ ఆ కాగితం చేతిలోకి తీసుకుంది. "మన రత్న కాళ్ళూ...?"

"మా డాక్టరు దాని కాళ్ళు చూసి, దీనివల్లేనని రాసినాడు."

మంచికి పోతే చెడ్డ ఎదురవడమంటే ఇదే. గిరిజమ్మ ఆ క్షణమే మోటారు వైరు పీకించింది. మర్నాడు బిందెల వరుస ముందు నిలబడి ఉన్నమాట చెప్పింది. ఎవరు నమ్ముతారు! మెషినువాళ్ళు ఆమెకెంత ముట్టజెప్పారో అని మొహంమీదే అన్నారు.

అందరూ పోయాక రామక్క ఒక్కతే నిలబడింది. "మామీద ఏం కోపమమ్మా నీకు?"

గిరిజమ్మ ఆమె చేతులు పట్టుకుని అన్నీ చెప్పింది, ఖాళీ సీసా సంగతితో సహా. రామక్క కొంగుతో ఆమె కళ్ళు తుడిచింది. "తెలిసిచ్చినావా ఏమన్నా? ఏడ్వబాకమ్మా," అంది. తిట్టినా బాగుండేదనిపించింది గిరిజమ్మకు.

అవ్వ కొంగు పట్టుకుని అన్నీ వింటున్న నాగరత్న గిరిజమ్మను అడిగింది. "ఇంగ మెషిను నీళ్ళు తాగితే నా కాళ్ళు సరిగ్గా అయిపోతాయా?"

అవుతాయని చెబుదామనే గిరిజమ్మ నోరు తెరిచింది. అబద్ధం రాలేదు. "కావు తల్లీ. ఇంకా వంకర పోకుండా ఉంటాయంతే."

పిల్ల ఏడవలేదు. ఏదో గుర్తొచ్చినట్టు ఉలిక్కిపడింది.

"అయ్యో! నీ బోరు ఆపేసినావని తెలిసి మా చిన్నమ్మ నిన్న పట్టిన నీళ్ళు రెండు బిందెలు దాచిపెట్టుకోనుండాది. చంటిబిడ్డకు ఈ నీళ్ళే మంచియంట. తాపేస్తాదేమో!"

చేతిలోని ఖాళీ బిందె అక్కడే పడేసి, మోకాళ్ళు రాసుకుంటూ, పడుతూ లేస్తూ పరుగెత్తింది. "తాపొద్దు చిన్నమ్మా, తాపొద్దు!" అని అరుస్తూనే ఉంది. గిరిజమ్మ చెప్పులైనా తొడుక్కోకుండా దాని వెనకే పరుగు తీసింది.