మామ్మ వాకింగు, నా షేర్ ఆటో

ఆ రోజుల్లో నాకు కుదురుగా నిలబడడం చేతకాదు. సాక్చీ బజార్లో ఓ కళ్లజోళ్ల దుకాణంలో కొత్తగా ఉద్యోగం దొరికింది. మా బర్మామైన్స్ గల్లీలోంచి బయలుదేరే షేర్ ఆటో మాత్రం జనం కిక్కిరిస్తే తప్ప కదిలేది కాదు. నేను ఎక్కేదాన్ని, దిగేదాన్ని, రోడ్డు వంక చూసేదాన్ని, మళ్లీ ఎక్కేదాన్ని (ఈలోగా నా సీటు ఇంకెవరో కొట్టేసేవారు). ఇంకోసారి ఆలస్యమైతే రానక్కర్లేదని మా యజమాని చెప్పేశాడు.

ఇంట్లో మామ్మకి ఇంకో గండం. షుగరు తగ్గకపోతే ఇన్సులిన్ సూది తప్పదని, రోజూ నడవమని డాక్టరమ్మ చెప్పింది. సూదంటే మామ్మకి చచ్చేంత భయం. "నడిసీదెక్కడే? ఇటు సూత్తే మురుగు కాలవ, అటు సూత్తే బళ్లు" అని వాపోయింది. కద్మాలో చెట్ల నీడన చక్కటి ఫుట్‌పాత్‌లున్నాయి, ఆటోలో వెళ్లి నడిచి రమ్మని సలహా ఇచ్చాను. "నడవడానికి ఆటో ఎక్కాలేటే? ఏటి నీ తెలివి!" అని నన్ను ఎగాదిగా చూసింది.

మర్నాడు పొద్దున్న ఆటో నిండింది, కదిలింది, అంతలోనే ఆగిపోయింది. తల బయటపెట్టి చూద్దును కదా, గల్లీ నడిమధ్యన మామ్మ! కాళ్లకి నా స్పోర్ట్స్ బూట్లు, చేతిలో అడ్డంగా పట్టుకున్న గొడుగు. అటూ ఇటూ షుగరూ, బీపీ, మోకాళ్ల నొప్పులూ ఉన్న వీధి ఆడవాళ్లందరూ, పెళ్లికూతుర్ని తీసుకొస్తున్నంత నిదానంగా నడుస్తున్నారు. "మాతాజీ, సైడ్ దీజియే!" అని డ్రైవరు మొత్తుకున్నాడు. నేనూ ఊరుకోలేదు, చెయ్యి చాపి అతని హారన్ నొక్కేశాను. "మామ్మా, తొందరగా నడు! నా ఉద్యోగం పోతుంది!" అని అరిచాను. మామ్మ వెనక్కి తిరగనైనా లేదు. "అంత తొందరైతే దిగి నడువే. కాళ్లు నేవేటి?" అంది.

ఒళ్లు మండి దిగాను. గుంపుని తోసుకుని మెయిన్ రోడ్డు దాకా పరుగెత్తి ఇంకో ఆటో పట్టుకుంటే, చిత్రం, దుకాణం తెరవకముందే చేరాను! కొన్నాళ్లకి ఆటోవాళ్లు పొద్దున్న పూట గల్లీలోకి రావడమే మానేశారు. వీధి వీధంతా రోడ్డు దాకా నడవడం మొదలెట్టింది, తిట్టుకుంటూనే.

తర్వాతి రక్తపరీక్ష చూసి డాక్టరమ్మ, ప్రస్తుతానికి సూది అక్కర్లేదంది. "నడకకి తోడు ఎవరైనా వస్తారా?" అని అడిగింది. మామ్మ ముఖం వెలిగిపోయింది.

"మా మనవరాలే వత్తాదమ్మా, ఎనకాల హారను కొట్టుకుంటా."

పక్కనే ఉన్న నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఇప్పుడు మామ్మ లేదు. నాకో స్కూటీ ఉంది, పొద్దున్నే గల్లీ ఖాళీగా ఉంటుంది, ఎక్కడికైనా ఇట్టే వెళ్లిపోతాను. అలా దూసుకుపోతున్నప్పుడు ఆనాటి నా తొందర తలుచుకుని నవ్వొస్తుంది. ఆ గుంపు వెనకాల ఇంకాసేపు ఇరుక్కుపోయి ఉంటే బాగుండేదనిపిస్తుంది.