పచ్చపూసలు

వాన వెలిసిందంటే టైలరుగారి కాలు ఇంట్లో నిలవదు. మెడలో కొలతల టేపైనా తీయకుండా, పంచె ఎగగట్టి ఇంటి వెనక దిబ్బ ఎక్కుతాడు. వాన కడిగిన మట్టిలో పాతకాలపు కుండపెంకులు బయటపడతాయి. తూనీగలు ముఖానికి తగులుతున్నా పట్టించుకోడు. తడి గడ్డి వాసన పీలుస్తూ, కొంగలా వంగి అడుగులో అడుగేస్తాడు. పెంకులకన్నా ఆయనకు పచ్చపూసలంటే ప్రాణం. దొరికినదాన్ని చొక్కా అంచుతో తుడిచి, సూదిలోకి దారం ఎక్కించేటప్పటిలా ఒక కన్ను మూసి, వెలుతురుకెత్తి చూస్తాడు. "ఏ రాణిగారిదో!" అంటే, "పాపం, ఆవిడ మెడ బోసిపోయి ఉంటుంది," అని నవ్వేది భార్య.

ఆమె పోయిన ఏడాది వానలు బాగానే పడ్డాయి. పూస మాత్రం ఒక్కటీ దొరకలేదు. "మీ అక్క పోయాక ఈ నేల కూడా ఇవ్వడం మానేసిందమ్మా," అంటూ, చూడ్డానికొచ్చిన మరదలి ముందు పూసల డబ్బా తెరిచాడు. ఆమె ఒక పూస చేతిలోకి తీసుకుని గతుక్కుమంది.

"ఇవి అక్క దండలోవి కదా బావగారూ! తెగిపోయిందంటే గుచ్చిస్తానన్నాను. 'వద్దులే, ఒక్కోటీ దిబ్బ మీద వేస్తున్నా. ఉత్త చేతుల్తో వచ్చిననాడు మీ బావకి ముద్ద దిగదు' అంది. మీకు తెలుసనుకున్నా."

ఊరందరి మెడల కొలతలూ నోటికి చెప్పగల మనిషికి, భార్య మెడలో ఆ దండ చూసిన గుర్తే రాలేదు. డబ్బాలోవి లెక్కపెట్టి, "దండలో ఎన్ని ఉండేవమ్మా?" అన్నాడు. మరదలికీ తెలియదు.

అందుకే వాన వెలిస్తే ఇప్పటికీ దిబ్బ ఎక్కుతాడు, భార్య వేసింది ఒక్కటైనా తన కంటపడకుండా మిగిలి ఉండకపోతుందా అని.