అమ్మ పిడికిలి

దయ్యాలున్నాయని నాతో వాదించి నెగ్గినవాళ్లు తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు దాకా ఎవరూ లేరు. చేతబడి చేస్తామన్నవాళ్లను సభల్లో నిలదీశాను. దయ్యాలు లేవని ఇప్పటికీ అంటాను. ఇది చదివి ఎవరూ తాయెత్తు కట్టించుకోవద్దు.

మాది భీమడోలు దగ్గర పల్లె. నాన్న పోయాక నన్నూ చెల్లినీ, పెళ్లికాని ఇద్దరు మేనత్తల్నీ అమ్మే సాకింది. అన్నం వండే ప్రతిసారీ, కడగబోయే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి డబ్బాలో పోసేది. ఆదివారం ఆ బియ్యం చర్చికి వెళ్లేవి. మా చర్చిలో ఆడవాళ్లందరికీ ఉన్న ఆనవాయితీయే. కొల్లేరు పొంగి చేలు మునిగి, మేం గంజి తాగిన ఏడాది కూడా ఆ పిడికెడు ఆగలేదు.

"మనకే లేకపోతే దేవుడికి వాటా ఏంటమ్మా?" అని నేను ఎగిరితే, "దేవుడు తింటాడేంట్రా? నీలాగా ఆకలికి అరిచేవాడు ఎవడో తింటాడు," అనేది. వాదనలో నన్ను ఓడించింది అమ్మ ఒక్కతే.

పోయిన వర్షాకాలం అమ్మకి పక్షవాతం వచ్చింది. ఏలూరు ఆసుపత్రిలో చేర్చాం. కళ్లు తెరవలేదు. కుడిచెయ్యి పిడికిలి బిగుసుకుపోయింది. ఆశ పెట్టుకోవద్దన్నారు డాక్టరు. స్కాన్లు పట్టుకుని విజయవాడ వెళ్లాను. అక్కడా అదే మాట. అయినా అమ్మ లేస్తుందనే కూర్చున్నాను. ఒక్కసారి నన్ను గుర్తుపడితే చాలనుకున్నాను.

ఇంటినుంచి మా ఆవిడ ఫోన్ చేసింది.

"ఏవండీ, అత్తయ్యగారి డబ్బాలో బియ్యం నేను పొయ్యనాండి?"

"వద్దు. అమ్మ లేచి తనే తీస్తుంది."

మర్నాడు ఉదయం నర్సు నా ఎదుటే అమ్మకి ఒళ్లు తుడిచింది. కష్టపడి వేళ్లు విప్పి, అరచెయ్యి తుడిచి వదిలితే మళ్లీ బిగుసుకున్నాయి. ఆ తర్వాత నేను మంచం పక్కనుంచి కదల్లేదు. కునుకు కూడా తీయలేదనే నా నమ్మకం.

మధ్యాహ్నం, ఇంట్లో అయితే అమ్మ ఎసరు పెట్టే వేళకి, వేళ్లకు నూనె రాద్దామని పిడికిలి విప్పాను. అరచేతిలో బియ్యం ఉన్నాయి. పిడికెడు. మా చేలో పండినవాటిలాగే ముతకగా, సన్నటి ఎర్ర చారతో.

నాకు దయ్యం గుర్తు రాలేదు, దేవుడూ గుర్తు రాలేదు. అమ్మ కదిలిందనుకున్నాను. వరండాలోకి పరిగెత్తి డాక్టరును చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను.

"అమ్మ లేచిందండీ, చూడండి."

ఆయన అమ్మ కళ్లలో లైటు వేసి చూసి, మెల్లగా అన్నారు. "మార్పేం లేదండి. మీరు కాస్త భోంచేసి రండి."

రెండ్రోజులకు అమ్మ పోయింది.

తర్వాత అందర్నీ అడిగాను. నర్సుకేమీ తెలియదు. తను పెట్టలేదని చెల్లి బైబిలు మీద చెయ్యేసి చెప్పింది. మా ఆవిడ ఆ పూట ఇల్లే కదల్లేదు.

ఎవరో పెట్టే ఉంటారని ఇప్పటికీ అంటాను. ఎవరో, ఎలాగో చెప్పలేను. ఆ మనిషి దొరికితే తిట్టను, కాళ్లు పట్టుకుంటాను. ఎవరూ పెట్టలేదంటే, అమ్మ ఆ పూట ఒకసారి లేచిందనుకోవాలి. పక్కనే కూర్చుని నేను చూడలేదనుకోవాలి.