మామయ్య చెవులు, నా ఆప్టికల్ కేబుల్

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం లోకంలో ఒకటి ఉంటుందని ఎవరైనా అంటే నేను నమ్మేవాణ్ణి కాదు. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేతికొచ్చి ఏడాదైనా కాలేదు, నాందేడ్‌లో ఒక కోచింగ్ క్లాసులో మైకులూ ప్రొజెక్టర్లూ చూసుకునే ఉద్యోగం దొరికింది. మకాం మేనత్త ఇంట్లో. కీచుమంటున్న మైకును ఆపడం తప్ప అక్కడ నేను వెలగబెట్టిందేమీ లేదు గానీ, మా ఊరు ఇస్లాపూర్ వాళ్ళందరికీ నేను 'ఇంజినీర్'నే. (ఆ పిలుపును ఖండించాలని నాకూ ఎప్పుడూ తోచలేదు.)

మామయ్య ఉద్యోగమంతా ఎస్టీ బస్సు, అంటే మహారాష్ట్ర సర్కారు బస్సు నడిపి రిటైరైన మనిషి. ఇంజిన్ పక్కన కూర్చుని కూర్చుని చెవులు మందగించాయి. ఆ సంగతి గల్లీ మొత్తానికి తెలుసు, ఆయనకు తప్ప. కూరగాయలవాడు ధర చెబితే "ఏంది, గొంతు లేదా నీకు?" అని వాణ్ణే కసురుకునేవాడు. ఆయనకున్న ఒకే ఒక్క సరదా భజన పాటలు. హాల్లో చెక్క అలమరలో యాంప్లిఫయర్ లాంటి పెద్ద రిసీవరూ, దానికి అటూ ఇటూ రెండు పొడవాటి స్పీకర్లూ ఉండేవి. ఫోన్ నుంచి బ్లూటూత్‌తో పాట పెడితే, "సాఫ్‌గ ఇనబడ్తలేదు, గీ డబ్బా ఖరాబైంది," అనేవాడు.

"డబ్బా కాదు అల్లుడా, మీ మామ చెవులే ఖరాబైనయ్. డాక్టర్ కాడికి పోదామంటే ఇనడు," అంది అత్తయ్య ఒకరోజు ఆయన ముందే. తనకు వినబడకూడని మాటలు మాత్రం మామయ్యకు ఎప్పుడూ చక్కగా వినబడేవి. "అయితే గిట్ల చేద్దాం," అన్నాడు. "ఇంట్ల ఇంజినీర్ ఉన్నడు గద. పాట సక్కగ ఇనబడేటట్టు జేయమను. గప్పుడు గూడ నాకు ఇనబడకుంటే, దసరా ఎల్లంగనే నేనే డాక్టర్ కాడికి అస్త. చెవుల మిషన్ వెట్టుకుంట." తేలిగ్గానే అన్నాడు గానీ, ఆయన మొహం చూస్తే నాకు పాపమనిపించింది. చెవికి మిషన్ పెట్టుకోవడమంటే ఆయన దృష్టిలో ముసలివాణ్ణయ్యానని ఊరంతా చాటింపు వేయించుకోవడమే.

ఇక నేను రంగంలోకి దిగాను. ఇంటర్నెట్‌లో ఉన్న వీడియోలన్నీ చూసి, బ్లూటూత్‌లో పాట నలిగిపోతుందనీ, వైఫై మీద పాటను తానే తెచ్చుకునే స్ట్రీమర్ అనే చిన్న డబ్బా కావాలనీ తేల్చి తెప్పించాను. దాన్ని రిసీవర్‌కు కలపడానికి ఎరుపు, తెలుపు పిన్నుల వైరొకటి డబ్బాతోనే వచ్చింది. ఏ మామూలు మనిషైనా దాన్ని తగిలించి పాట వినేవాడు. నేను మామూలు మనిషిని కాను కదా! ఆప్టికల్ కేబుల్ వేస్తే పాట వెలుతురై రిసీవర్‌లోకి పోతుందనీ, దాన్ని ధ్వనిగా మార్చడంలో చిన్న డబ్బా కంటే పెద్ద రిసీవరే మేలనీ ఇద్దరినీ కూర్చోబెట్టి ఉపన్యాసం ఇచ్చాను. స్ట్రీమర్‌కు కరెంటిచ్చి, వెనక రంధ్రానికున్న రబ్బరు మూత తీసి, లోపల వెలుగుతున్న ఎర్రటి కాంతిని చూపించాను. అత్తయ్య చేతులు జోడించింది. ఆ దండం నా చదువుకేననుకున్నాను. కేబుల్ రావడానికి ఇంకా టైముంది కాబట్టి స్ట్రీమర్‌ను అలాగే, మూత లేకుండానే అలమరలో పెట్టేశాను.

కేబుల్ వచ్చేసరికి ఖండే నవమి పూజ అయిపోయింది. ఆ రోజు ఇంట్లోని పనిముట్లన్నిటికీ పసుపు కుంకుమలు పడతాయి. కుట్టుమిషను, స్కూటరు, మిక్సీ, నా స్క్రూడ్రైవరు, దేన్నీ అత్తయ్య వదల్లేదు. స్ట్రీమర్ నెత్తిన కూడా బొట్టుంది. ముచ్చటగానే ఉందని తుడవలేదు. మర్నాడు దసరా. అలమర వెనక చెయ్యి పెట్టి, తడుముకుంటూనే కేబుల్ రెండు కొసలూ గుచ్చి, ఫోన్‌లో భజన పెట్టాను.

మామయ్య స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని స్పీకర్ల ముందు కూర్చున్నాడు. "షురూ అయిందా?" అన్నాడు కాసేపటికి. నేను రిసీవర్ మీద బటన్లు నొక్కే హడావుడిలో ఉన్నాను. ఫోన్ తెర మీద పాట ముందుకు సాగుతోంది. "నడుస్తుంది మామా," అన్నాను వెనక్కి తిరగకుండానే.

ఆయన లేచి స్పీకర్‌కు ఒక చెవి ఆనించాడు. తర్వాత రెండోది ఆనించాడు. మెల్లగా వెనక్కి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. "ఏమే," అని వంటింటి వైపు పిలిచాడు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. "నాకు ఏం ఇనబడ్తలేదే. మొత్తానికే పోయినట్టున్నయ్."

అత్తయ్య పిండి చేతులతో పరుగెత్తుకొచ్చింది. కాసేపు నిలబడి విని, "నాకు గూడ ఇనబడ్తలేదు గద!" అంది.

"నీకు గూడనా? నీకురా ఇంజినీర్?"

"నాకు కూడా ఇనబడ్తలేదు మామా," అన్నాను సిగ్గుతో చచ్చిపోతూ.

"ఎవ్వలకు ఇనబడ్తలేదా! అబ్బ, బతికిచ్చిన్రు!" అని ఆయన కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వాడు. నా పని చెడిపోయినందుకు అంతగా సంతోషించిన మనిషిని మళ్ళీ చూడలేదు.

స్ట్రీమర్‌ను బయటికి లాగి చూస్తే, వెనక రంధ్రంలో ఎర్రటి కాంతి లేదు. పసుపు ముద్ద గట్టిపడి ఉంది, దాని మీద కుంకుమ. "నువ్వే గద సూపెట్టినవ్, ఎర్రగ దీపం ఎలుగుతుందని," అంది అత్తయ్య. "దీపం ఉన్న కాడ వెట్టకుంట బొట్టు ఇంకేడ వెట్టాలె? పసుపు తడిపి మంచిగ వెట్టిన." చెవులు శుభ్రం చేసుకునే పుల్లతో రంధ్రాన్నీ, కేబుల్ కొసనూ తుడిచి మళ్ళీ పెట్టాను.

ఈసారి భజన హాలంతా నిండిపోయింది. ఎంత స్వచ్ఛంగా ఉందంటే, పాడేవాళ్ళు ఊపిరి పీల్చుకోవడం కూడా తెలుస్తోంది. మామయ్య కళ్ళు మూసుకుని తలాడిస్తూ విన్నాడు. కొంతసేపటికి, "గీ పాటల తాళాలు లేవా?" అన్నాడు. చిన్నప్పుడు సగరోళి ఊరి భజన మండలిలో తాళాలు కొట్టింది ఆయనే. పాటలో తాళాలు గణగణ మోగుతున్నాయి. అత్తయ్య నన్ను చూసింది, నేను అత్తయ్యను చూశాను.

మంచి సౌండ్ కావాలనుకునేవాడు, తాళాల్లాంటి సన్నటి శబ్దాలను పెంచే ట్రెబుల్ ముట్టుకోకూడదని నేను చూసిన ప్రతి వీడియోలోనూ ఉంది. నేను దాన్ని చివరిదాకా తిప్పేశాను. వాల్యూమ్ కూడా పెంచాను. పాట గాజుపెంకుల మీద గీసినట్టయింది. మామయ్య వేళ్ళు మోకాలి మీద ఆడడం మొదలుపెట్టాయి. "ఆ! గిప్పుడచ్చినయ్!" అన్నాడు.

పాట అయ్యేసరికి కళ్ళు తెరిచాడు. అత్తయ్య కొంగుతో రెండు చెవులూ మూసుకుని నవ్వుతోంది. నేను పళ్ళు బిగపట్టుకుని కూర్చున్నాను. ఆయన మా ఇద్దర్నీ కాసేపు చూశాడు. లేచి తనే వాల్యూమ్ తగ్గించాడు. "గింత బాధ వడుకుంట కూసున్నరా నా కోసం?" అని, "ఉద్యా జాఊ డాక్టర్‌కడే," అన్నాడు. రేపు డాక్టర్ దగ్గరికి పోదామని. కష్టమైన మాటలు చెప్పాల్సొస్తే ఆయన మరాఠీలోకి దిగేవాడు.

మంచి సౌండ్ కోసం ఏది దేనికి కలపాలని ఎవరైనా అడిగితే నేను ఇప్పటికీ కేబుళ్ళ మీద ఉపన్యాసమే ఇస్తాను, అలవాటు పోలేదు. కానీ మధ్యలో ఎక్కడో, చూసిన వీడియోలన్నీ పక్కన పెట్టి ట్రెబుల్ తిప్పేసిన ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. నా గురించి చెప్పుకోవడానికి గొప్పలేమీ లేవు గానీ, వాడంటే మాత్రం నాకు ఇప్పటికీ ఇష్టం.