అరికాలి తడి

తెలంగాణ కోసం జనం పట్టాల మీద కూర్చోవడంతో మా రైలు మహబూబాబాద్‌లో ఆగిపోయింది. మధ్యాహ్నపు ఎండలో నినాదాలు దూరంగా, జోలపాటలా తేలి వస్తున్నాయి. నా ఒళ్లో పురిటిపాప. పొద్దున దవాఖానలో మడమకు సూది గుచ్చి రక్తం తీసినా పాప ఏడవలేదని ఎదుటి సీటులోని పెద్దావిడకు గొప్పగా చెప్పాను.

ఆవిడ పసిపిల్లల వార్డులో పనిచేస్తుందట. "ఏడ్వకపోతే నొప్పి లేదనుకోకు బిడ్డా. పరేషానైతే గింతంత పిల్లలకు గూడ అరికాలు చెమట పడ్తది. మా దవాఖానల మిషను పెట్టి చూస్తరు" అంటూ పాప పాదాన్ని తన చెంపకు ఆనించుకుంది. "ఆరింది. మంచిగుంది."

తర్వాత, అడగకుండానే నా అరచేతిని అదే చెంపకు ఆనించుకుంది.

"నీదింక ఆరలే."

కాన్పులో నోరు మెదపలేదని నన్నూ అందరూ మెచ్చుకున్నారు. రైలు ఎప్పుడు కదిలిందో గుర్తులేదు. నేను ఏడవడం గుర్తుంది.