సార్ పక్కన నేనున్న ఫోటో

మా ఇంగ్లీషు సార్ పోయిన సంగతి నాకు మూడోనాడు తెలిసింది. నేను చిట్టా రాసే దినుసుల దుకాణానికి సార్ కొడుకు వచ్చి చెప్పాడు. "పరేషాన్ల నీకు చెప్పుడు యాది మరిచినం కాకా. పదోనాటికి బాపు ఫోటో పెద్దగ చేయించాలె. బడి ఫోటోల మొఖం చిన్నగున్నది. నీ దగ్గర ఒకటున్నదంట గదా."

ఉందన్నాను. ఏడుపు రాలేదు. రాస్తున్న వరుస పూర్తి చేసి కలం మూత పెట్టాను. ఆ ఫోటోలో సార్ పక్కన నేనున్నాను.

ఇది చదివే మీలో చాలామంది నారాయణఖేడ్ బడిలో సార్ దగ్గర చదివినవాళ్లు. నేను కాదు. నాలుగో తరగతితో నా బడి ఆగింది. పెళ్లయ్యాక పదో తరగతి ప్రైవేటుగా రాద్దామని సాయంత్రాలు ఆయన ఇంటికి వెళ్లేవాడిని. వాళ్లింట్లో మాట్లాడేది కన్నడం. వాకిట్లో నిలబడితే "బారప్పా" అని లోపలికి పిలిచేవారు. పిలవనిదే నేను రానని ఆయనకు తెలుసు. తప్పు రాస్తే కొట్టేయనిచ్చేవారు కాదు, పక్కన సరైనది రాయమనేవారు. "అది గూడ కనవడాలె" అనేవారు.

సార్ రిటైరైననాడు బడిలో గ్రూపు ఫోటో తీశారు. పాత విద్యార్థులను పేరుపేరునా పిలిచి నిలబెట్టారు. నేను సైకిలు పట్టుకుని గేటు దగ్గరే ఉన్నాను. సార్ నన్ను చూశారు. పిలవలేదు.

మర్నాటి పాఠంలో 'లెఫ్ట్ అవుట్ ఇన్ ది కోల్డ్' అన్న మాట వచ్చింది. చలిలో వదిలేయడమా అని అడిగాను.

"చలితోని పనిలేదు. లోపల అందరున్నరు, నిన్నెవ్వరు రమ్మనలే. గప్పుడు వాడాలె గీ మాట. ఏదీ, ఒక వాక్యం రాయి."

ముందురోజు ఫోటో గురించి రాశాను. ఎత్తిపొడుపు కాదు, వేరే ఏదీ తోచలేదు. సార్ చదివారు. వాక్యం సరిగ్గానే ఉందన్నారు. కాగితం కింద పెట్టి, "బడిల సదివినోళ్లే నా పిల్లలనుకున్న. తప్పైంది" అన్నారు. లేచి, ఇస్త్రీ అంగీ తొడుక్కుని, నన్ను బస్టాండు దగ్గరి స్టూడియోకు తీసుకెళ్లారు.

మొన్న ఫోటో పట్టుకుని ఆ స్టూడియోకే వెళ్లాను.

"ఇందుల నిన్ను తీసెయ్యాల్నా అన్నా?" అని అడిగాడు స్టూడియో ఆయన.

"తీసెయ్."

పదోనాడు దండ వేసిన ఫోటోకు అందరూ మొక్కారు. నేనూ మొక్కాను. ఆ రోజు సార్ నా భుజం మీద వేసిన చెయ్యి మోచేతి దాకా కనిపిస్తోంది. ఆ తర్వాత చెక్క చౌకట్టు.